కంటి జబ్బుకు సర్వే నంబరు

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

మన సంచికకు సైన్సు వ్యాసం ఒకటి కావాలని విద్యార్థి సంఘం మిత్రులు అడిగితే లేసర్ కిరణాల మీద రాద్దామని కూర్చున్నాను. రెండు పేజీలు రాసి చించేశాను. ఆ సంగతులు నాకంటె బాగా చెప్పిన పుస్తకాలు మన లైబ్రరీలోనే ఉన్నాయి. దసరా సెలవుల్లో నేను నేర్చుకున్నది మరొకటుంది. అది మన సిలబస్‌లో లేదు. జీవశాస్త్రాలు చదివి బయటికి వెళ్ళిన మనవాళ్ళలో చాలామందికి ఈ రోజుల్లో అదే అన్నం పెడుతోంది గాని, అదేమిటో లోపలున్న మనకు సరిగ్గా తెలియదు. జబ్బులకు నంబర్లు వెయ్యడం. దానినే మెడికల్ కోడింగ్ అంటున్నారు.

సంగతి మా నాన్న కళ్ళతో మొదలైంది గనక అక్కణ్ణించే చెబుతాను.

నాన్నకు పన్నెండేళ్ళుగా షుగరు. మాత్రలు వేసుకుంటారు, నాట్లప్పుడూ కోతలప్పుడూ మరిచిపోతారు. మూడేళ్ళ క్రితం ఒకనాడు గట్టు మీద నిలబడి, "ఒరేయ్, ఎడం కన్ను మూసుకుని చూస్తే ఆ కరెంటు స్తంభం మధ్యలో వంగినట్టుందిరా, నీకూ అలాగే ఉందా?" అని అడిగారు. నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తొస్తుంది. తర్వాత పట్నంలో ఒక ఆసుపత్రిలో చూపించుకున్నారు. కంట్లో ఇంజక్షన్లు వేశారట. కొన్నాళ్ళు బాగుందన్నారు. రానుపోను ఖర్చులకు తట్టుకోలేక మానేశారు. నేను హాస్టల్లో ఉన్నాను. నాకు తెలిసింది అంతే.

ఈ దసరాకు నేనే పట్టుబట్టి జిల్లా కేంద్రంలో మరొక కంటి డాక్టరమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళాను. అమ్మ కూడా వచ్చింది. పాత కాగితాలన్నీ పట్టాదారు పాసుపుస్తకాలు పెట్టుకునే ప్లాస్టిక్ సంచిలోనే ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్కటే విప్పి చూశారు. పదకొండు చీటీలు. అన్నింటి మీదా తేదీ ఉంది, మందుల పేర్లున్నాయి, సంతకముంది. జబ్బు పేరుండాల్సిన చోట "డి.ఆర్." అని రెండే రెండు అక్షరాలు. మూడింటి మీద ఇంజక్షన్ ఇచ్చినట్టు రబ్బరు ముద్ర.

"ఇంజక్షన్లు ఏ కంటికి వేశారండీ?" అని అడిగారు.

"కుడికేనమ్మా" అన్నారు నాన్న.

"ఒకసారి ఎడం కంటికి గూడా వేశారు గదండీ. కట్టుతో బస్సెక్కితే కండక్టరు అడిగాడు, గుర్తులేదా?" అంది అమ్మ.

"అదీ కుడేనే!"

డాక్టరమ్మగారు కోప్పడలేదు. "లేసర్ చేసి ఉంటే లోపల మచ్చలుంటాయి, చూసి నేనే చెప్పగలను. ఇంజక్షన్ ఏ గుర్తూ మిగల్చదండీ. ఎన్ని పడ్డాయో, ఏ కంటికో, దానికి వాపు తగ్గిందో లేదో కాగితమే చెప్పాలి" అన్నారు. కాగితం చెప్పలేదు. మూడేళ్ళుగా సైన్సు చదువుతున్న నేను పక్కనే నిలబడి ఉన్నాను. నేనూ చెప్పలేకపోయాను.

కోడు సంగతికి వెళ్ళేముందు జబ్బు సంగతి కొంచెం తెలియాలి. కంటి వెనక గోడకు అంటుకుని ఉండే పల్చని తెరను రెటీనా అంటారు. కాలవ కింద సేద్యం చేసేవాళ్ళకు దీన్ని చెప్పడం తేలిక. రెటీనాను ఆయకట్టు అనుకోండి. దానికి నీరందించే బోదెలు వెంట్రుక కంటె సన్నని రక్తనాళాలు. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఆ బోదెల గట్లు చివికిపోతాయి. నాళం గోడను పట్టి ఉంచే పెరిసైట్లు అనే కణాలు చచ్చిపోతాయి. గట్టు బలహీనపడిన చోట నాళం బుడిపెలా ఉబ్బుతుంది. దాన్ని మైక్రో అన్యూరిజం అంటారు. డాక్టరు కంట్లోకి చూసినప్పుడు సాధారణంగా మొట్టమొదట కనిపించే గుర్తు అదే. ఆ తర్వాత ఊట మొదలవుతుంది. రక్తపు చుక్కలూ, పసుపుపచ్చని కొవ్వు మరకలూ తేలతాయి.

ఆయకట్టులో నారుమడి ఎటువంటిదో రెటీనాకు మాక్యులా అటువంటిది. నడిమధ్యన చిన్న జాగా. అక్షరాలు చదివేదీ, మొహాలు గుర్తుపట్టేదీ, సూదిలో దారం ఎక్కించేదీ దానితోనే. ఊట ఎక్కడో చివరి చేలో ఉంటే రైతుకు తెలియను కూడా తెలియదు. నారుమళ్ళో నిలిస్తే మాత్రం ఆ రోజే తెలుస్తుంది. మాక్యులా అలా నీరు పట్టి ఉబ్బడాన్ని మాక్యులార్ ఎడీమా అంటారు. నాన్నకు కరెంటు స్తంభం వంగింది అందుకే.

జబ్బు నడిచే దారి ఇంకొకటుంది. కొన్ని బోదెలు పూర్తిగా పూడుకుపోతాయి. నీరందని రెటీనా ఊరుకోదు. రక్తం కావాలని రసాయనిక సందేశాలు పంపుతుంది. వాటిలో ముఖ్యమైనది వి.ఇ.జి.ఎఫ్. అనే ప్రోటీను. దాని పిలుపుకు కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. మంచిదే కదా అనుకుంటాం. కాదు. అవి నీళ్ళు రాని ఏడు రాత్రికి రాత్రి కాలవకు కొట్టిన దొంగ గండ్ల వంటివి. గోడలు పెళుసు. రెటీనా మీది నుంచి కంటి మధ్యనుండే జెల్లీ వైపు పాకుతాయి. ఒకనాడు చిట్లి కన్నంతా నెత్తురు నిండుతుంది. లేదా పీచులా ముడుచుకుని రెటీనానే లాగి ఊడదీస్తాయి. కొత్త నాళాలు ఇంకా రాని దశను నాన్ ప్రొలిఫరేటివ్ అనీ, వచ్చేసిన దశను ప్రొలిఫరేటివ్ అనీ అంటారు. మొదటిదానిలో మళ్ళీ స్వల్పం, మధ్యమం, తీవ్రం అని మూడు మెట్లు.

ఈ మెట్లు ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పేవి కావు. 1968లో అమెరికాలోని ఎయిర్లీ హౌస్‌లో డాక్టర్లు కూడి, నమూనా ఫోటోలతో పోల్చి జబ్బు తీవ్రతను కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. తర్వాత జరిగిన పెద్ద పరిశోధనలన్నీ దాన్ని సాగదీసి దిద్దుకున్నవే. అంత వివరం రోజువారీ ఆసుపత్రిలో కుదరదు గనక 2003లో దాన్ని కుదించి అయిదు మెట్ల అంతర్జాతీయ కొలబద్దగా ప్రచురించారు. ఉదాహరణకు తీవ్రం అనాలంటే నాలుగు-రెండు-ఒకటి అనే సూత్రం ఉంది. రెటీనాను నాలుగు భాగాలు చేస్తే, నాలుగింటిలోనూ ఇరవైకి మించి రక్తపు చుక్కలుండాలి. లేదా రెండింటిలో సిరలు పూసలదండలా నొక్కులు పడి ఉండాలి. లేదా ఒకదానిలో నాళాలు స్పష్టంగా వంకరటింకర దారులు పట్టి ఉండాలి. మూడింటిలో ఏ ఒక్కటున్నా, కొత్త నాళాలు రాకుండా ఉంటే, అది తీవ్రం.

ఇక్కడ నేను ఆగి రెండుసార్లు చదువుకున్న సంగతొకటుంది. నారుమళ్ళో ఊట, పూడిన బోదెలు – ఇవి రెండూ ఒకదాని వెంట ఒకటి వరసగా రావాలని లేదు. మధ్యమ దశలోనే మాక్యులా ఉబ్బి చూపు మసకబారవచ్చు. ప్రొలిఫరేటివ్ దశకు చేరిన కంట్లో మాక్యులా పొడిగా ఉండి చూపు శుభ్రంగా ఉండవచ్చు. అనగా, బాగా కనిపించే కన్నే ఎక్కువ ప్రమాదంలో ఉండవచ్చు.

ఇక కోడు. మన కాలేజీలోనే చదివిన సీనియర్ అన్నయ్య ఒకాయన హైదరాబాదులో కోడింగ్ కంపెనీలో పనిచేస్తున్నారు. పండక్కి ఊరొచ్చారు. మా సంచి పట్టుకుని ఆయన అరుగు మీద కూర్చున్నాను. అమెరికాలో ఏదో ఊళ్ళో డాక్టరు రోగిని చూసి రాసిన కాగితాలు కంప్యూటరులో ఇక్కడికి వస్తాయి. వీళ్ళు చదివి జబ్బుకొక నంబరూ, చేసిన వైద్యానికొక నంబరూ వేసి పంపుతారు. అక్కడి ఇన్సూరెన్సు కంపెనీ ఆ రెండు నంబర్లూ పొసిగితేనే డబ్బిస్తుంది. కుడి కంటికి ఇంజక్షన్ వేసినట్టు బిల్లు పెట్టి ఎడం కంటి జబ్బు నంబరు వేస్తే బిల్లు తిరిగొస్తుంది. ఇదంతా పుణ్యం కోసం చేసే పని కాదు, డబ్బు కోసమే. ఆ మాట ఆయనే అన్నారు. అమీర్‌పేటలో ఈ కోర్సుకు ఫీజులు కట్టే మనవాళ్ళు కూడా జీతం కోసమే కడుతున్నారు, అందులో తప్పేమీ లేదు. కాని ఆ డబ్బు తగాదాలో నలిగి నలిగి తయారైన నంబర్ల పుస్తకం మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది.

దాని పుట్టుక బాటనీ విద్యార్థులకు నచ్చుతుంది. మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టిన లిన్నేయస్సే 1763లో జబ్బులను కూడా ప్రజాతులుగా విడదీస్తూ ఒక పుస్తకం రాశాడు. 1853లో బ్రస్సెల్సులో జరిగిన మొదటి అంతర్జాతీయ గణాంక మహాసభలో, మరణ కారణాలకు అన్ని దేశాలకూ ఒకటే జాబితా ఉండాలని తీర్మానం పెట్టిన గిల్లార్ వృక్షశాస్త్రజ్ఞుడు. నలభై ఏళ్ళ తర్వాత, 1893లో, ఆ జాబితాను తయారుచేసి షికాగో సభ ముందు పెట్టినవాడు ఆయన మనుమడే: పారిస్ నగర గణాంకాల అధికారి జాక్ బెర్తిల్యాఁ. అది చావుల జాబితా. కన్ను పోవడం వల్ల ఎవరూ చావరు గనక అటువంటి జాబితా కంటి జబ్బును పట్టించుకోదు. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరవ కూర్పును చేతిలోకి తీసుకున్నప్పుడే చంపని జబ్బులకు కూడా అందులో చోటు దొరికింది. పదో కూర్పు, అంటే ఐ.సి.డి.-10, 1990లో ఆమోదం పొందింది. అమెరికావాళ్ళు దానికి తమ అవసరాల కొద్దీ సబ్ డివిజన్లు వేసి ఐ.సి.డి.-10-సి.ఎం. అన్నారు, 2015 అక్టోబరు 1 నుంచి అక్కడ అమలులోకి వచ్చింది. అంతకుముందు వాళ్ళు వాడిన తొమ్మిదో కూర్పులో సుమారు 14 వేల నంబర్లుంటే, ఇందులో 70 వేల పైచిలుకున్నాయి.

సబ్ డివిజన్లు అన్నది నా మాటే. సర్వే నంబరు తెలిసినవాడికి ఈ పద్ధతి అర్థం కావడానికి అయిదు నిమిషాలు చాలు. ఊరిపేరు, సర్వే నంబరు, దాని కింద 2, దాని కింద ఏ – అన్నదమ్ములు పంచుకున్న కొద్దీ నంబరు పొడుగవుతుంది, చెక్క చిన్నదవుతుంది, తగాదా తగ్గుతుంది. అలాగే ఇ11.3311 అనే నంబరును ఎడమ నుంచి విప్పుకుంటూ వద్దాం.

ఇ అనే అక్షరం హార్మోన్లూ పోషణా జీవక్రియల జబ్బుల అధ్యాయం. 11 అంటే రెండో రకం షుగరు. 10 అయితే మొదటి రకం. చుక్క తర్వాత 3 అంటే ఆ షుగరు కంటిని పట్టింది. (కిడ్నీని పడితే 2, నరాలను పడితే 4.) దాని తర్వాతి 3 మధ్యమ దశ, స్వల్పమైతే 2, తీవ్రమైతే 4, ప్రొలిఫరేటివ్ అయితే 5. తర్వాతి 1 మాక్యులా ఉబ్బింది అని చెబుతుంది. ఉబ్బకపోతే అక్కడ 9. చివరి 1 కుడి కన్ను. ఎడమైతే 2, రెండూ అయితే 3, ఏ కన్నో రాయకపోతే 9. వెరసి ఏడు స్థానాలు. ఈ ఏడో స్థానం మొదట లేదు. 2016 అక్టోబరు నుంచి చేర్చారు. ఏ కన్నో చెప్పకుండా కంటి జబ్బు నంబరు వెయ్యడంలోని లోటు వాళ్ళకూ కొంత ఆలస్యంగానే తెలిసిందన్నమాట!

చూశారా, కంటి జబ్బుకు నంబరు కంటి అధ్యాయంలో లేదు. కళ్ళకు హెచ్ అనే అక్షరంతో వేరే అధ్యాయమే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అసలు పుస్తకంలో దీనికి జంట నంబర్లు: మూలం ఇ11.3, దాని పక్కన కత్తి గుర్తు. కంట్లో కనిపించే రూపం హెచ్36.0, దాని పక్కన నక్షత్రం. వేరు ఇక్కడ, కాయ అక్కడ. అమెరికావాళ్ళు రెండింటినీ కలిపి ఒకటే నంబరు చేసి, మూలం దగ్గరే నాటారు. 2019లో ఆమోదించి 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన పదకొండో కూర్పు రెటినోపతిని తిరిగి కంటి అధ్యాయంలో పెట్టి, షుగరు నంబరును గీతతో జోడించమంటోంది. ఇందులో ఏది మేలన్నది పెద్దలు తేల్చుకోవాలి. నాకు మట్టుకు వేరు దగ్గర పెట్టడమే నచ్చింది. కంటికి మాత్రమే వైద్యం చేయించుకుని షుగరును వదిలేసేవాళ్ళు మా ఊళ్ళో తక్కువేమీ లేరు.

కాగితం కలం తీసుకుని లెక్కపెట్టాను. అసలు పుస్తకంలో ఇ11.3 అని ఒక్క వరస ఉన్న చోట అమెరికా పుస్తకంలో 56 నంబర్లున్నాయి. రెటీనాను లాగి ఊడదీసిన రకాలకు వేరువేరుగా ఉన్నాయి. షుగరు వల్ల వచ్చిన శుక్లానికి ఒకటుంది. వాటన్నింటిలోకి నన్ను ఆకట్టుకున్నది ఇ11.37 కింది నంబరు: మాక్యులా వాపు వచ్చింది, వైద్యంతో తగ్గిపోయింది అని దాని అర్థం. ఇప్పుడు లేని జబ్బుకు నంబరు! ఎందుకంటే, ఒకసారి ఊరిన గట్టు మళ్ళీ ఊరవచ్చు. తర్వాత చూసే డాక్టరుకు ఆ మాట తెలియాలి. నాన్న విషయంలో మాకు లేనిది సరిగ్గా ఆ నంబరు చెప్పే మాటే.

"సరే, మీ నాన్నగారి చీటీలకు నువ్వే వెయ్యి చూద్దాం" అన్నారు అన్నయ్య. నేను ధైర్యంగా మొదలుపెట్టాను. కాగితం మీద షుగరు ఏ రకమో లేదు. రాయనప్పుడు రెండో రకంగా తీసుకోమని రూలే ఉందట, బతికాను. "ఇన్సులిన్ వాడితే మొదటి రకం అని వెయ్యాలా?" అని అడిగాను. కొత్తగా చేరినవాళ్ళందరూ చేసే తప్పు అదేనట. రెండో రకంవాళ్ళూ ఇన్సులిన్ వాడతారు. అప్పుడు రకం మార్చరు, ఇన్సులిన్ వాడుతున్నాడని జడ్79.4 అని ఒక నంబరు అదనంగా చేరుస్తారు. మాత్రలకైతే జడ్79.84. జబ్బు తెచ్చింది షుగరేనని డాక్టరు విడిగా రాయలేదే, మరి? షుగరూ రెటినోపతీ రెండూ రాసి ఉంటే, వేరే కారణమని డాక్టరు చెప్పనంతవరకు, సంబంధం ఉన్నట్టే లెక్క. ఇదీ రూలే.

అక్కడి నుంచి బండి కదల్లేదు. దశ ఏది? చీటీ మీద లేదు. ఒక చీటీ వెనక ఎవరో చిన్న గుండ్రం గీసి అందులో చుక్కలు పెట్టారు. "ఇవి రక్తపు చుక్కలు కదా, మధ్యమం అని వేస్తాను" అన్నాను. అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నారు. కోడరు బొమ్మ చూసి జబ్బు తేల్చకూడదు. స్కాన్ చూసి తేల్చకూడదు. డాక్టరు రాసిన మాటకు మాత్రమే నంబరు. "అనుమానం", "కావచ్చు" అని రాసినా, బయటి రోగుల విభాగంలో దాన్ని జబ్బుగా వెయ్యకూడదు. మాట చాలకపోతే డాక్టరునే తిరిగి అడగాలి. మన లాబ్‌లో రికార్డు రాసేటప్పుడు రావలసిన రీడింగు ముందే వేసుకునే మనకు ఈ నియమం కొంచెం గుచ్చుకుంటుంది.

చివరికి పదకొండు చీటీలకూ కలిపి తేలిన నంబరు ఒకటే: ఇ11.319. దశ తెలియని రెటినోపతి, మాక్యులా వాపు లేదు. దీనికి ఏడో స్థానం కూడా లేదు. ఏ కన్నో చెప్పే వీలే లేదు.

"వాపు లేదు అని ఎవరన్నారు? వాపు ఉండబట్టే కదా ఇంజక్షన్లు వేశారు?" అని అరిచినంత పని చేశాను.

అన్నయ్య సూచిక తీసి చూపించారు. వాపు ఉందని డాక్టరు రాస్తే ఒక నంబరు. రాయకపోతే, వాపు లేనట్టే. మౌనానికి వేరే నంబరు లేదు. కన్ను పేరు రాయకపోతే "తెలియదు" అని ఒక 9 ఉంది. వాపు మాట రాయకపోతే ఆ తొమ్మిది "లేదు" అని పలుకుతుంది. రెండు తొమ్మిదులూ చూడ్డానికి ఒకటే. అర్థాలు వేరు. ఇది ఈ పుస్తకంలో నాకు కనిపించిన పెద్ద లోపం. అడంగల్‌లో పంట పేరు రాయని చోట బీడు అని చదివితే ఏమవుతుందో రైతులకు చెప్పనక్కరలేదు.

మన దేశంలో చీటీకి ఇన్ని నంబర్లు వెయ్యాలని నేననడం లేదు. మన దగ్గర మరణ కారణాల పత్రాలను ఐ.సి.డి.-10 ప్రకారం వర్గీకరిస్తారు. బతికున్నవాళ్ళ కళ్ళ సంగతి తెలుసుకోవడానికి సర్వేలు చేస్తారు. 2023లో ప్రచురితమైన ఐ.సి.ఎం.ఆర్. సర్వే అంచనా ప్రకారం మన దేశంలో షుగరున్నవాళ్ళు 10.1 కోట్లు. 2015–19 జాతీయ సర్వే, 50 ఏళ్ళ పైబడిన షుగరు రోగుల్లో సుమారు 17 శాతానికి రెటినోపతి ఉన్నట్టు లెక్క తేల్చింది. సర్వేలు అవసరమే, జబ్బున్నట్టు తమకే తెలియనివాళ్ళను అవే పట్టుకుంటాయి. కాని ఆసుపత్రికి వచ్చి, డాక్టరు కళ్ళారా చూసి, వైద్యం కూడా చేసినవాళ్ళ సంగతి ఒక ప్లాస్టిక్ సంచిలో రెండక్షరాలుగా మిగలడం అవసరమేనా? డాక్టర్లకు తీరిక లేదంటారు, నిజమే. ఒక్కొక్కరి దగ్గర బారులు తీరి ఉంటారు. కాని ఏ కన్ను, ఏ దశ, వాపు ఉందా లేదా – ఈ మూడు మాటలు రాయడానికి పట్టే కాలం ఆ రబ్బరు ముద్ర కొట్టడానికి పట్టేదానికంటె మరీ ఎక్కువేమీ కాదు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మగారు చెప్పినది: కుడి కన్ను మధ్యమ దశ, మాక్యులాలో వాపుంది, మళ్ళీ ఇంజక్షన్లు మొదలుపెట్టాలి. ఎడమ కన్ను ప్రొలిఫరేటివ్ దశకు వచ్చేసింది, కొత్త నాళాలున్నాయి, మాక్యులా మాత్రం పొడిగా ఉంది. లేసర్ చేయాలి, ఆలస్యం చేయవద్దు.

నాన్న ఒప్పుకోలేదు. కుడి కంటికి ఏం చేసినా సరేనన్నారు. "శుభ్రంగా కనిపించే కన్నును కాల్పించుకోమంటావేంట్రా? కోతలయ్యాక చూద్దాంలే." అమ్మ కూడా ఆయన పక్షమే. వాళ్ళ భయంలో అర్థముంది. లేసర్ చేసేది అంచుల్లో ఉన్న రెటీనాను నిజంగా కాల్చడమే. చివరి చేలకు ఈ ఏడు నీళ్ళివ్వమని ముందే చెప్పి, ఉన్న నీటితో నడిమి పొలాలను కాపాడుకోవడం వంటిది అది. అంచు రెటీనా అడగడం మానేస్తే ఆ పిలుపు తగ్గుతుంది, దొంగ గండ్లు ఎండిపోతాయి. రాత్రిపూట చూపు కొంచెం తగ్గవచ్చు, పక్కచూపు కొంత పోవచ్చు. ఐతే అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 1976లో వచ్చినప్పటి నుంచి ఒక సంగతి స్థిరపడింది: ఇటువంటి కళ్ళలో లేసర్ చేస్తే చూపు దారుణంగా పోయే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుంది. ఇంతా చెప్పాను. నాన్న విన్నారు. "చూద్దాంలే" అన్నారు మళ్ళీ.

ఆ రాత్రి కాలెండరు కాగితం వెనక రెండు నంబర్లు రాశాను. ఒకటి ఇ11.3311. రెండోది ఇ11.3592. పాసుపుస్తకం తీసి పక్కన పెట్టి, సర్వే నంబరు చదివినట్టే ఒక్కో అంకె దగ్గరా ఆగి చదివాను. ఇది షుగరు, ఇది కన్ను, ఇది దశ, ఇది ఊట, ఇది కుడి ఎడమ. మూడు దాకా రెండూ ఒకటే, అక్కణ్ణించి విడిపోయాయి చూడండి అన్నాను. నాన్న కళ్ళద్దాలు సర్దుకుని, కుడి కన్ను మూసి, ఎడం కంటితో చాలాసేపు చూశారు.

"అయితే ఎడం కంటిది వేరే నంబరా?"

"వేరే నంబరే నాన్నా."

"కుడిదానిలో మూడో అంకె, దీన్లో అయిదు. ఇదే పెద్దదా?"

"ఇదే పెద్దది."

"మరి అన్నాళ్ళూ రెండు కళ్ళకీ ఒకటే జబ్బన్నారేరా" అన్నారు. ఆ మాట నన్నడిగింది కాదు.

కాలేజీ తెరవడానికి రెండు రోజుల ముందు మొదటి విడత లేసర్ అయింది. డాక్టరమ్మగారు చీటీ రాసిస్తుంటే నాన్న బల్ల మీదికి వంగి, "ఏ కన్నో రాయండమ్మా" అన్నారు. ఆవిడ అప్పటికే రాశారు. రెండో విడతకు కోతలకు ముందే అమ్మతో కలిసి వాళ్ళిద్దరే వెళ్ళొచ్చారు. రాత్రి హాస్టలుకు ఫోను చేశారు. నొప్పెట్టిందా అని అడిగితే, దానికి జవాబు చెప్పకుండా చీటీ మీద తేదీ, ఎడమ కన్ను, రెండో విడత అని రాసి ఉన్న వరస ఫోనులో చదివి వినిపించారు.